పిల్లలు పెరిగినా ఇబ్బందే, తగ్గినా ఇబ్బందే అంటున్నారు. అసలు తేడా ఎక్కడ వస్తోంది?

తొలకరి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. మొన్న జనాభా పాఠం అయ్యాక ఒక అమ్మాయి లేచి అడిగింది: "మేడం, జనం ఎక్కువైతే పేదరికం వస్తుందని పుస్తకంలో ఉంది. మరి జపాన్‌లో పిల్లల్ని కంటే ప్రభుత్వం డబ్బులెందుకు ఇస్తోంది?" రేపు చెప్తానన్నాను. వారం గడిచినా నాకు తృప్తిగా అనిపించే జవాబు దొరకలేదు.

2022 నవంబరులో ప్రపంచ జనాభా 800 కోట్లు దాటిందని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఆ ఏడాదే చైనా జనాభా తగ్గింది. 1961 తర్వాత అలా తగ్గడం అదే మొదటిసారి. ఒకపక్క మనుషులు ఎక్కువయ్యారన్న భయం, ఇంకోపక్క చాలడం లేదన్న భయం. రెండూ ఒకేసారి నిజం ఎలా అవుతాయి? దీనికీ డబ్బుకీ ఉన్న సంబంధం ఏమిటి? పదిహేనేళ్ల పిల్లకి అర్థమయ్యేలా చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

లెక్కలమాస్టారు

ఆ అమ్మాయి మంచి ప్రశ్న అడిగిందమ్మా. ముందు మొత్తం సంఖ్యని పక్కన పెట్టమని చెప్పండి. ఒక ఇంట్లో ఆరుగురు ఉన్నారంటే ఆ ఇల్లు ఎలా నడుస్తోందో తెలియదు. ఆరుగురిలో సంపాదించేవాళ్లు ఎందరు, వాళ్ల మీద ఆధారపడ్డవాళ్లు ఎందరు అని అడగాలి. నలుగురు సంపాదిస్తే ఒక రకం, ఒక్కరే సంపాదిస్తే ఇంకో రకం. దేశమూ అంతే. జనాభా శాస్త్రంలో దీన్ని ఆధారిత నిష్పత్తి అంటారు.

ఆఫ్రికాలోని నైజర్ దేశంలో సగం మంది వయసు పదిహేనేళ్ల లోపే. జపాన్‌లో సగం మంది దాదాపు 49 దాటినవాళ్లు. రెండు చోట్లా సంపాదించేవాళ్ల మీద బరువు ఉంది. అక్కడ చిన్నపిల్లల బరువు, ఇక్కడ పెద్దవాళ్ల బరువు. నైజర్‌లో జనాభా ఏడాదికి 3 శాతానికి పైగా పెరుగుతోంది. ఆ వేగంతో పెరిగేది ఏదైనా సుమారు 23 ఏళ్లలో రెట్టింపు అవుతుంది. అంటే బడులు, ఆస్పత్రులు, మంచినీళ్లు, ఉద్యోగాలు అన్నీ 23 ఏళ్లలో రెట్టింపు చేస్తేనే ఇప్పుడున్న స్థితిలో ఉండగలరు. బాగుపడటం ఆ తర్వాతి మాట.

ఇక అటువైపు చూడండి. దక్షిణ కొరియాలో 2023లో ఒక స్త్రీకి సగటు సంతానం 0.72. వంద మంది ఆడవాళ్లు, వంద మంది మగవాళ్లు, మొత్తం 200 మంది అనుకోండి. వాళ్లకి పుట్టేది 72 మంది. అందులో ఆడపిల్లలు సుమారు 36. అదే రేటు కొనసాగితే వాళ్లకి పుట్టేది 26 మంది. రెండు తరాల్లో 200 కాస్తా 26. ఈ లెక్క బోర్డు మీద వేసి చూపించండి, పిల్లలకి వెంటనే ఎక్కుతుంది. జనాభా నిలకడగా ఉండాలంటే ఆ సగటు 2.1 దగ్గర ఉండాలి.

ఎర్రమట్టి

మాస్టారూ, లెక్క బాగుంది. కానీ మొత్తం సంఖ్యని పక్కన పెట్టమంటే నేను ఒప్పుకోను. భూమి పెరగదు, నీళ్లు పెరగవు. నేను వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చాను. తాతల నాడు ఒక్క కమతంగా ఉన్న పొలం అన్నదమ్ముల పంపకాల్లో ముక్కలై, ఇప్పుడు ఏ ముక్కా ఒక కుటుంబాన్ని పోషించలేని స్థితికి వచ్చింది. ఇది కళ్లారా చూసినవాణ్ణి. జనాభా పెరగడమే పేదరికానికి మూలం కాదని ఎవరు చెప్పినా నాకు నమ్మకం కుదరదు. చైనా ఒకే బిడ్డ నిబంధన పెట్టి కఠినంగా ఉండబట్టే కదా పైకొచ్చింది?

వెన్నెల

ఎర్రమట్టి గారూ, పొలం ముక్కలైన మాట నిజం. కానీ ఆ తాతలు అంత మందిని ఎందుకు కన్నారో కూడా అడగాలి కదండీ. తెలియక కాదు. పుట్టినవాళ్లలో ఎందరు బతుకుతారో నమ్మకం లేదు. పెన్షన్ లేదు, ఇన్సూరెన్స్ లేదు. పదేళ్ల పిల్లవాడు పశువుల వెంట వెళ్తే అది ఇంటికి ఆదాయమే. ముసలితనంలో చూసేది వాళ్లే. అంటే వాళ్ల లెక్క వాళ్లకి సరిగ్గానే ఉంది.

ఆస్ట్రేలియా జనాభా శాస్త్రవేత్త జాన్ కాల్డ్‌వెల్ ఈ విషయాన్నే సిద్ధాంతంగా చెప్పారు. సంపద పిల్లల నుంచి తల్లిదండ్రుల వైపు పారినంత కాలం ఎక్కువ మందిని కంటారు. చదువులు వచ్చి, అది తల్లిదండ్రుల నుంచి పిల్లల వైపు తిరగగానే కనడం తగ్గుతుంది. కాబట్టి పేదరికం వల్ల ఎక్కువ మంది పుడతారు, ఎక్కువ మంది పుట్టడం వల్ల పేదరికం వదలదు. ఈ ముడిలో మొదటి పోగు ఏదో వెతకడం కంటే ఎక్కడ తెంచగలమో చూడటం మేలు.

బలవంతం లేకుండా తెంచినవాళ్లు ఉన్నారు. బంగ్లాదేశ్‌లో 1970ల మొదట్లో ఒక స్త్రీకి ఆరుగురికి పైగా పిల్లలు, ఇప్పుడు సుమారు ఇద్దరు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగారు, పసిపిల్లల చావులు తగ్గాయి, ఆడపిల్లలు బడికి వెళ్లారు. ఇరాన్‌లో 1980ల మొదట్లో ఆరు దాటిన రేటు 2000 నాటికి రెండు దగ్గరికి వచ్చింది. చైనాలో కూడా ఒకే బిడ్డ నిబంధన రావడానికి ముందే, 1970లలోనే, రేటు సగానికి పైగా పడిపోయింది. ఆ కఠినత్వం వల్లే పైకొచ్చిందనడం నాకు సరిగా అనిపించదు.

పాతగడియారం

నేను జపాన్‌లో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. తొలకరి గారి విద్యార్థిని అడిగినదానికి నేను రోజూ చూసేది చెప్తాను.

మా కేంద్రంలో ఖాళీ మంచాలున్నాయి. బయట చేరాలని ఎదురుచూస్తున్న వృద్ధులూ ఉన్నారు. మధ్యలో లేనిది మనుషులే. రాత్రి షిఫ్టులో ఇద్దరం ఉండాల్సిన చోట ఒక్కరం ఉంటే ఆ అంతస్తు తెరవకూడదు, అందుకని మంచాలు ఖాళీగా ఉంచుతారు. డబ్బు లేక కాదు, చేయి లేక.

ఇక్కడ 1965లో 65 దాటిన ఒక్కొక్కరికి పనిచేసే వయసువాళ్లు తొమ్మిది మంది ఉండేవారు. ఇప్పుడు ఇద్దరే. చాలా దేశాల్లో పెన్షన్ అంటే మనం దాచుకున్న డబ్బు మనకి తిరిగి రావడం కాదు. ఈ నెల పనిచేసేవాళ్ల దగ్గర కోసింది ఈ నెల పెద్దవాళ్లకి వెళ్తుంది. తొమ్మిది మంది కలిసి ఒకరిని మోయడం వేరు, ఇద్దరు మోయడం వేరు. ఆ ఇద్దరి జీతంలో కోత పెరుగుతుంది, చేతికి తక్కువ వస్తుంది. ఇక పిల్లలకి ఖర్చు పెట్టగలమా అన్న టెన్షన్‌తో వాళ్లు ఇంకా తక్కువ కంటారు.

ఇంకో సంగతి ఇళ్లు. 2023 సర్వేలో దేశంలో సుమారు 90 లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నాయని తేలింది, మొత్తం ఇళ్లలో దాదాపు 14 శాతం. పెద్దవాళ్లు పోయాక తీసుకునేవాళ్లు లేరు. ఊళ్లో మనుషులు తగ్గినంత మాత్రాన రోడ్డు పొడవు తగ్గదు, నీళ్ల పైపు పొడవు తగ్గదు. అదే ఖర్చు తక్కువ మంది మీద పడుతుంది. దాంతో బస్సు ఆగిపోతుంది, తర్వాత బడి, తర్వాత ఆస్పత్రి. మిగిలిన పడుచువాళ్లు కూడా నగరానికి వెళ్లిపోతారు.

తొలకరి

పాతగడియారం గారూ, మంచాలున్నా తెరవలేని ఆ అంతస్తు గురించి చదివి చాలాసేపు అక్కడే ఆగిపోయాను. కానీ ఒక సందేహం. మనుషులు తక్కువైతే పనిచేసేవాళ్లకి విలువ పెరగాలి కదా? జీతాలు పెరగాలి, ఇళ్లు చౌకవ్వాలి. అది మంచిదే కదా?

చరిత్రపుట

ఈ ప్రశ్నకి చరిత్రలో పెద్ద ఉదాహరణ ఉంది. 1347 నుంచి 1351 వరకు యూరప్‌లో ప్లేగు వచ్చి మూడో వంతు నుంచి సగం దాకా జనం చనిపోయారు. బతికిన కూలీలకి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. ఎంతగా అంటే, ప్లేగుకి ముందున్న కూలి కంటే ఎక్కువ అడగకూడదని ఇంగ్లండులో 1351లో చట్టమే చేశారు. ఆ చట్టం నిలవలేదు. కూలి పెరిగింది, భూస్వామికి కట్టుబడి ఉండే పద్ధతి క్రమంగా సడలింది. 1381 రైతుల తిరుగుబాటు వెనక ఆ చట్టం మీద కోపం కూడా ఉంది. కాబట్టి మీరు చెప్పింది నిజంగా జరిగింది.

కానీ అప్పటికీ ఇప్పటికీ ఒక పెద్ద తేడా. ప్లేగు అన్ని వయసులవాళ్లనూ తీసుకెళ్లింది. పొలాలు అలాగే మిగిలాయి, తినే నోళ్లు తగ్గాయి. ఇప్పటి తగ్గుదల కింది నుంచి వస్తోంది. పుట్టేవాళ్లు తగ్గుతున్నారు, పైన ఉన్నవాళ్లు మాత్రం ఎక్కువ కాలం బతుకుతున్నారు. ఎక్కువ కాలం బతకడం మనిషి సాధించిన గొప్ప విజయం, దాన్ని నేను సమస్య అనను. అయితే జీతం పెరిగినా ఆ పెరిగినదాంట్లో పెద్ద భాగం పెన్షన్లకీ వైద్యానికీ వెళ్తుంది. అదీగాక ఇప్పటి ఆస్తి పొలం కాదు. జనం లేని ఊళ్లో ఇల్లు చౌకగా వచ్చినా అక్కడ ఉద్యోగం ఉండదు, ఉద్యోగం ఉన్న నగరంలో ఇల్లు చౌకవదు. దక్షిణ కొరియా జనాభాలో దాదాపు సగం సియోల్, దాని చుట్టుపక్కలే ఉంది. దేశం మొత్తం మీద మనుషులు తగ్గుతున్నా అక్కడ ఇంటి ధర భయపెట్టేలాగే ఉంటుంది.

సముద్రపు గాలి

అందరూ వయసు గురించే మాట్లాడుతున్నారు. ఆడ, మగ లెక్క కూడా చూడాలి. నాకు ఈ విషయం బాధ కలిగించే విషయం, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

ఎవరూ జోక్యం చేసుకోకపోతే వంద మంది ఆడపిల్లలకి సుమారు 105 మంది మగపిల్లలు పుడతారు. స్కానింగ్ యంత్రాలు వ్యాపించాక ఈ లెక్క మారింది. దక్షిణ కొరియాలో 1990 నాటికి 116 అయింది. చైనాలో 2004 ప్రాంతంలో 121 దాకా వెళ్లింది. భారత్‌లో 1994లో గర్భస్థ లింగ నిర్ధారణని నిషేధిస్తూ చట్టం తెచ్చినా, ఆరేళ్ల లోపు వెయ్యి మంది మగపిల్లలకి ఆడపిల్లలు 2001లో 927 ఉంటే 2011లో 919కి తగ్గారు. 1990లోనే అమర్త్యసేన్ ఆసియా, ఆఫ్రికాల్లో పది కోట్లకు పైగా స్త్రీలు లెక్కలో కనిపించకుండా పోయారని రాశారు. పుట్టనివ్వకపోవడం, పుట్టాక తిండిలో, వైద్యంలో వెనక్కి నెట్టడం, రెండూ అందులో ఉన్నాయి.

దీనికి డబ్బుతో ఏం సంబంధం అంటారా? చైనాలో పెళ్లికి అమ్మాయిలు దొరకని చోట కొడుకులున్న కుటుంబాలు విపరీతంగా దాచడం మొదలుపెట్టాయి. ఇల్లు లేని అబ్బాయికి సంబంధం రాదు కనుక ఖర్చు తగ్గించి ఇంటి కోసం కూడబెట్టారు. ఆర్థికవేత్తలు షాంగ్ జిన్ వేయ్, షియావోబో జాంగ్ 2011లో ప్రచురించిన అధ్యయనం ఈ సంబంధాన్ని చూపించింది. జనం ఖర్చు పెట్టకపోతే దేశంలో వస్తువులకి గిరాకీ తగ్గుతుంది. తయారైనది బయటి దేశాలకి అమ్ముకోవాల్సి వస్తుంది. అంటే పుట్టకుండా పోయిన ఆడపిల్లల ప్రభావం ప్రపంచ వ్యాపారం దాకా వెళ్లింది.

ఇందులో ఆశ కలిగించేది కొరియానే. 2007 నాటికి అక్కడ ఆ లెక్క మళ్లీ సహజ స్థాయికి వచ్చేసింది. 1987లోనే నిషేధం పెట్టారు, కానీ దాని తర్వాత కూడా నిష్పత్తి పెరిగింది కాబట్టి నిషేధం ఒక్కటే కారణం కాదు. ఆడవాళ్లు ఉద్యోగాల్లోకి వచ్చారు. 1988లో జాతీయ పెన్షన్ మొదలైంది. ఇంటి పెద్ద మగవాడే అనే చట్టాన్ని 2008 నుంచి ఎత్తేశారు. ముసలితనంలో కొడుకే దిక్కు అన్న అవసరం తగ్గేసరికి కొడుకే కావాలన్న పట్టూ తగ్గింది. వెన్నెల గారు చెప్పిన సంపద పారే దిశ ఇక్కడ కూడా పనిచేసింది.

ఎర్రమట్టి

సముద్రపు గాలి గారి పోస్టు రెండుసార్లు చదివాను. కొరియాలో నిషేధం పెట్టాక కూడా నిష్పత్తి పెరిగిందని నాకు తెలియదు. అయితే అడుగుతాను: పిల్లల్ని తగ్గించడానికి చట్టం పనిచేయదు, లింగ నిష్పత్తికి చట్టం ఒక్కటే చాలదు. మరి పెంచడానికైనా పనిచేస్తుందా?

చరిత్రపుట

చేయదండీ. రుమేనియా చూడండి. 1966లో చౌషెస్కు ప్రభుత్వం గర్భస్రావాల్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. మరుసటి ఏడాది జననాలు దాదాపు రెట్టింపయ్యాయి. తర్వాత జనం దారులు వెతుక్కున్నారు, రేటు మళ్లీ పడిపోతూ వచ్చింది. చాటుమాటు గర్భస్రావాలతో వేలాది తల్లులు చనిపోయారు. 1989లో ప్రభుత్వం కూలాక అనాథాశ్రమాల్లో పిల్లల్ని ఏ స్థితిలో ఉంచారో ప్రపంచం చూసింది. ఒక్క ఏడాదిలో రెట్టింపుగా పుట్టిన ఆ పిల్లలు బడికి వచ్చిన ఏడాది తరగతి గదులు చాలలేదు, ఉద్యోగాల వయసుకి వచ్చినప్పుడూ అదే పోటీ. ఇలాంటి ఒక్క ఉబ్బు ఆ తరం వెంట జీవితాంతం నడుస్తుంది.

వెన్నెల

డబ్బు ఇస్తే కనడం గురించి కూడా ఒక మాట. కొరియా ఏళ్ల తరబడి భారీగా ఖర్చు పెట్టింది, అయినా 0.72కి వచ్చింది. ఎందుకంటే బిడ్డ ఖర్చు అంటే పాలూ బట్టలూ మాత్రమే కాదు. ఆఫీసులో రాత్రి దాకా ఉండాల్సిన పద్ధతి, బిడ్డ పుట్టగానే ఆగిపోయే ఆడవాళ్ల ప్రమోషన్, ట్యూషన్ల పోటీ, ఇంటికి వచ్చాక కూడా ఇంటిపని ఒక్కరి మీదే పడటం. ఒక్కసారి ఇచ్చే డబ్బు వీటిలో దేన్నీ మార్చదు. నాకు ఇద్దరు పిల్లలు. రెండోసారి సెలవు మీద వెళ్లి తిరిగొచ్చేసరికి నా ప్రాజెక్టు వేరేవాళ్లకి ఇచ్చేశారు. మళ్లీ ఆ స్థాయికి రావడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్ల జీతం తేడాని ఏ బేబీ బోనస్ పూడుస్తుంది?

దూరతీరం

జనన మరణాల గురించి అయింది, వలస గురించి నేను రాస్తాను. బల్గేరియా జనాభా 1980ల చివర సుమారు 90 లక్షలు, 2021 లెక్కల్లో సుమారు 65 లక్షలు. యుద్ధం లేదు, కరువు లేదు. పుట్టేవాళ్లు తగ్గారు, పడుచువాళ్లు పశ్చిమ యూరప్‌కి వెళ్లిపోయారు. ఒక నర్సుని చదివించే ఖర్చు బల్గేరియా పెట్టింది, ఆ సేవ వేరే దేశం అందుకుంది.

మరోపక్క ఖతర్‌లో జనాభాలో 70 శాతానికి పైగా మగవాళ్లే, ఎక్కువ మంది పని కోసం వచ్చిన విదేశీయులు. వాళ్లు వదిలి వచ్చిన ఊళ్లలో ఇదే చిత్రం తిరగబడి ఉంటుంది: ఆడవాళ్లు, పిల్లలు, పెద్దవాళ్లు. నేపాల్ జీడీపీలో దాదాపు నాలుగో వంతు బయటి నుంచి పంపే డబ్బే. ఆ డబ్బుతో పిల్లలు చదువుతున్నారు, పైకప్పులు పడుతున్నాయి, అది చిన్న విషయం కాదు. కానీ పొలం చేసేవాళ్లూ, పెద్దవాళ్లని ఆస్పత్రికి తీసుకెళ్లేవాళ్లూ ఉండరు. నేను బయటికి వచ్చి పన్నెండేళ్లయింది. నాన్నకి సర్జరీ జరిగిన రోజు నేను పంపిన డబ్బు గంటలో చేరింది. నేను చేరడానికి మూడు రోజులు పట్టింది.

లెక్కలమాస్టారు

దూరతీరం గారూ, ఆ మూడు రోజులు ఎలా గడిచి ఉంటాయో ఊహించగలను.

ఎర్రమట్టి గారికి ఒక మాట. మీరు యువత ఎక్కువగా ఉండటాన్ని బరువుగా చూస్తున్నారు. అది బరువు కావచ్చు, బలం కావచ్చు. కొరియాలో 1960లో రేటు ఆరు, 1980ల మధ్యకి రెండు కంటే తక్కువ. ఆ మధ్య కాలంలో పిల్లలు తగ్గారు, పెద్దవాళ్లు ఇంకా ఎక్కువ కాలేదు, సంపాదించే చేతులే ఎక్కువ. ఆ కాలంలోనే వాళ్లు చదువు మీద, ఫ్యాక్టరీల మీద పెట్టుబడి పెట్టి ఎదిగారు. దీన్నే జనాభా డివిడెండ్ అంటారు. కానీ అది దానంతట అది చేతికి రాదు. 2010 చివర ట్యునీషియాలో చదువుకున్న యువత ఉన్నారు, ఉద్యోగాలు లేవు, అప్పుడు వీధుల్లోకి వచ్చారు. భారత్‌లో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రేటు 2.0కి వచ్చింది, బీహార్‌లో సుమారు 3, సిక్కింలో సుమారు 1.1. ఒకే దేశంలో ఒకచోట ఆ అవకాశం ఇంకా తెరుచుకుంటోంది, ఇంకోచోట మూసుకుంటోంది. పైగా మనుషులు వయసు మళ్లేది దేశం డబ్బున్నది కాకముందే అయితే జపాన్‌కి ఉన్న పెన్షన్ నిధి కూడా ఉండదు.

ఎర్రమట్టి

ఒప్పుకుంటున్నాను మాస్టారూ, కొంతవరకు. నీళ్ల విషయంలో నా మాట మారదు, కానీ నేను వేగాన్నీ సంఖ్యనీ కలిపేస్తున్నానని అర్థమైంది. మా పొలం ముక్కలవుతున్నప్పుడు పక్కన ఇంకో పని దొరికి ఉంటే అన్నదమ్ముల్లో ఒకరైనా అటు వెళ్లేవారు.

తొలకరి

అందరికీ ధన్యవాదాలు. రేపటి క్లాసుకి 200, 72, 26 లెక్క బోర్డు మీద వేస్తాను. పాతగడియారం గారూ, చివరగా ఒకటి. రిటైర్మెంట్ వయసు పెంచితే సరిపోదా? చైనా 2025 నుంచి మగవాళ్లకి 60ని మెల్లగా 63 చేస్తోందని చదివాను.

పాతగడియారం

కొంత ఉపయోగం ఉంటుందండీ. 1889లో జర్మనీలో బిస్మార్క్ వృద్ధాప్య పెన్షన్ తెచ్చినప్పుడు 70 ఏళ్లు నిండితేనే ఇచ్చేవారు, అంతవరకు బతికేవాళ్లు తక్కువ. ఇప్పుడు 65 తర్వాత ఇరవై ఏళ్లు బతుకుతున్నారు, కాబట్టి గీత జరపడంలో న్యాయం ఉంది. కానీ ఎవరి వయసు అని చూడాలి. కుర్చీలో కూర్చుని చేసే పని 67 దాకా చేయొచ్చు. మా పని మనుషుల్ని మంచం మీద నుంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టడం. నాతో షిఫ్టులో ఉండే ఆవిడకి 68. నిన్న రాత్రి మేమిద్దరం కలిసి 91 ఏళ్ల పెద్దాయనని లేపాం. తర్వాత ఆవిడ గోడకి ఆనుకుని నడుము పట్టుకుని కాసేపు నిలబడిపోయారు. ఆవిడ వచ్చే ఏడాది మానేస్తానంటున్నారు. ఆవిడ స్థానంలోకి ఇంకా ఎవరూ దరఖాస్తు పెట్టలేదు.